మానసిక జబ్బులు పెరిగాయా, బయటపడటం పెరిగిందా?

క్లుప్తంగా

డిప్రెషన్ (కుంగుబాటు), యాంగ్జైటీ (ఎడతెగని ఆందోళన), ఆటిజం (మాట, నలుగురితో కలవడం వేరుగా ఎదిగే స్థితి), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని స్థితి) అనే పేర్లు ఓపీ చీటీల మీద మునుపటికంటే చాలా ఎక్కువగా కనిపిస్తున్నాయి. జబ్బుకు గీసుకున్న హద్దులు విశాలమయ్యాయి, గుర్తించే డాక్టర్లు పెరిగారు, కొత్త చట్టాలతో నిర్ధారణ పత్రానికి విలువ వచ్చింది, జనంలో సిగ్గు కొంత తగ్గింది. వీటికి తోడు యువతలో బాధ నిజంగానే పెరిగిందనడానికి ఆధారాలున్నాయి. అయినా మన దేశంలో ఈ పెరుగుదలలో పెద్ద వాటా ఇంతకాలం లెక్కకు అందని జబ్బులదే. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఉదాహరణతో ఈ కారణాలను విడివిడిగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే మాట, మూడు లెక్కలు

"ఎవర్ని చూసినా డిప్రెషన్ అంటున్నారు, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు ఏ లెక్క గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. జనంలో ఎంతమందికి జబ్బు ఉందన్నది ఒక లెక్క. వారిలో ఎంతమందికి డాక్టరు జబ్బు పేరు రాశారన్నది రెండోది. రాసినవారిలో ఎంతమంది వైద్యం కొనసాగిస్తున్నారన్నది మూడోది. పత్రికల్లో "కేసులు పెరిగాయి" అని వచ్చే వార్తలు చాలావరకు రెండో లెక్క గురించినవి. చదివేవారు మాత్రం దాన్ని మొదటి లెక్కగా తీసుకుంటారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మొదటి లెక్క తెలియాలంటే ఇంటింటికీ వెళ్లి అడగాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో ఆ పని చేసింది. 18 ఏళ్లు నిండినవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు ఆ జాతీయ సర్వేలో తేలింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవారినీ కలిపితే 13.7 శాతం. అంతకంటే ఆలోచింపజేసే సంగతి మరొకటుంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని అదే సర్వే చెప్పింది. అంటే జబ్బు ఉండి కూడా ఏ ఆసుపత్రి కాగితంలోనూ లేనివారే ఎక్కువ. ఆ దాగిన గుంపులోంచి కొందరు బయటికి వచ్చినా చాలు, జబ్బు ఏమాత్రం పెరగకపోయినా నిర్ధారణలు రెట్టింపు కావచ్చు.

ఆ 12 రాష్ట్రాల్లో పొరుగున ఉన్న తమిళనాడు ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. కాబట్టి మన జిల్లాలో ఇంత శాతం మందికి జబ్బు ఉందని ఎవరైనా గట్టిగా చెబితే, ఆ అంకె ఎక్కడిదని అడగాల్సిందే.

దేశం మొత్తానికి వేసిన మరో అంచనా 2017 సంవత్సరానిది. దాని ప్రకారం 19.73 కోట్ల మంది భారతీయులకు, అంటే ఏడుగురిలో ఒకరికి, ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అందులో డిప్రెషన్ 4.57 కోట్ల మందికి, యాంగ్జైటీ 4.49 కోట్ల మందికి. దేశం మోస్తున్న మొత్తం జబ్బుల భారంలో మానసిక సమస్యల వాటా 1990లో 2.5 శాతం ఉంటే 2017కు 4.7 శాతానికి చేరింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి "రెట్టింపైంది" అని రాయడం సులభం. కానీ ఆ 27 ఏళ్లలో అతిసారం, క్షయ, ప్రసవ మరణాలు బాగా తగ్గాయి. మొత్తం భారంలో అవి తగ్గినప్పుడు, తగ్గని జబ్బుల వాటా దానంతటదే పెద్దదిగా కనిపిస్తుంది.

స్థానిక లెక్కలకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. పాత చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి విడిపోయింది, నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాలు వచ్చి అందులో కలిశాయి. 2021 నాటి చిత్తూరు అంకెను నేటి చిత్తూరు అంకెతో పోల్చడమంటే వేర్వేరు జనాన్ని పోల్చడమే. పైగా తిరుపతి రుయా ఆసుపత్రికి కడప, నెల్లూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. తీర్థస్థలం కావడంతో ఇల్లు విడిచి వచ్చి బస్టాండులో, రైల్వే స్టేషన్లో, అలిపిరి దగ్గర తిరిగే మతిస్థిమితం లేనివారూ ఉంటారు. అలాంటివారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గర్లోని వైద్య సంస్థకు చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వారందరూ ఆసుపత్రి రిజిస్టరులో చేరతారు, కానీ ఈ జిల్లా జనాభా లెక్కలో ఉండరు.

హద్దు జరిపితే లెక్క మారుతుంది

బీపీ విషయంలో ఏం జరిగిందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2017లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు బీపీ హద్దును 140/90 నుంచి 130/80కి తగ్గించాయి. దాంతో అక్కడి పెద్దవాళ్లలో బీపీ ఉన్నవారి వాటా 32 శాతం నుంచి 46 శాతానికి చేరింది. ఎవరి రక్తపోటూ మారలేదు. బీపీని కొలవడానికి కనీసం ఒక మిషనుంది. మనసు విషయంలో అలాంటి మిషను గానీ, రక్తపరీక్ష గానీ ఇంకా లేదు. లక్షణాలు ఎన్ని, ఎంతకాలంగా ఉన్నాయి, రోజువారీ పనిని ఎంత చెడగొడుతున్నాయి అన్నదే ఆధారం. కాబట్టి లక్షణాల జాబితాను ఎవరు, ఎలా రాశారన్న దానికి ఇక్కడ మరింత బలం ఉంటుంది.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1952లో వేసిన తొలి జాబితాలో నూటికి కాస్త పైన జబ్బులుండేవి. 1980 నాటి మూడో కూర్పులో అవి 265, 1994 నాటి నాలుగో కూర్పుకు దాదాపు 300. పేర్లు పెరిగినంత మాత్రాన రోగులు పెరిగినట్టు కాదు, ఒక పెద్ద జబ్బును ముక్కలు చేసినా పేర్లు పెరుగుతాయి. అసలు మార్పు 1980లో వచ్చింది. అప్పటివరకూ డాక్టరు అనుభవాన్ని బట్టి, కారణాన్ని ఊహించి జబ్బును గుర్తించేవారు. ఆ తర్వాత కారణం పక్కకు జరిగింది. తొమ్మిది లక్షణాల్లో అయిదు, రెండు వారాలపాటు ఉంటే డిప్రెషన్ అన్న తరహా నియమాలు వచ్చాయి. వేర్వేరు డాక్టర్లు ఒకే రోగికి ఒకే పేరు పెట్టడం దీనివల్ల సాధ్యమైంది. అప్పుల ఒత్తిడితో నిద్రపట్టని రైతు, ఏ కారణమూ లేకుండా కుంగిపోయిన ఉద్యోగి ఒకే పేరు కిందికి వచ్చింది కూడా దీనివల్లే.

దుఃఖం సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దగ్గరివాళ్లు పోయిన రెండు నెలల్లోపు వచ్చే కుంగుబాటును సాధారణంగా డిప్రెషన్‌గా రాయకూడదని పాత అమెరికా నియమం. 2013 నాటి అయిదో కూర్పు ఆ మినహాయింపును తీసేసింది. దీని మీద వైద్యుల్లోనే పెద్ద వాదం నడిచింది. మన ఆసుపత్రులు ఎక్కువగా వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన దాని 11వ కూర్పు, ఎడతెగని దుఃఖాన్ని ఒక జబ్బుగా చేర్చింది. అయితే కనీసం ఆరు నెలలు దాటాలని, ఆ మనిషి సంస్కృతిలో మామూలుగా ఉండే దుఃఖం కంటే మించి ఉండాలని షరతు పెట్టింది. పెద్దకర్మ తర్వాత కూడా మాసికాలు పెట్టి, సంవత్సరీకం దాకా శుభకార్యాలకు దూరంగా ఉండే కుటుంబాల్లో ఆరు నెలల దుఃఖం మామూలే. షరతును సరిగ్గా పాటిస్తేనే ఆ పేరు న్యాయంగా ఉంటుంది. హడావుడి ఓపీలో ఆ ప్రశ్న అడిగే తీరిక ఎంతవరకు ఉంటుందన్నది అసలు అనుమానం.

పిల్లల విషయంలో హద్దులు మరింత స్పష్టంగా మారాయి. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఏడేళ్లలోపే కనిపించి ఉండాలన్న అమెరికా నియమాన్ని 2013లో 12 ఏళ్లకు పెంచారు. ఆటిజం, యాస్పర్జర్ లాంటి వేర్వేరు పేర్లను ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆటిజం గుర్తించినవారు 2000లో 150 మందికి ఒకరు, 2022లో 31 మందికి ఒకరు. డెన్మార్క్‌లో ఇలాంటి పెరుగుదలనే పరిశోధకులు విడదీసి చూశారు. నిర్వచనం మారడం, ఆసుపత్రిలో చేరనివారినీ లెక్కలో కలపడం అనే రెండు మార్పులే దాదాపు 60 శాతం పెరుగుదలకు కారణమని తేలింది. మిగతా 40 శాతం సంగతి అంత తేలిగ్గా తేలదు.

మన దగ్గర మూడేళ్లకూ మాటలు రాకపోతే "మగపిల్లాడు కదా, ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోవడం చాలాకాలం అలవాటు. ఇప్పుడు అంగన్‌వాడీలో, బడిలో 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తున్నారు. తిరుపతిలో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులు కనిపిస్తున్నాయి. మునుపు "మొద్దు", "మొండి" అని పిలిచిన పిల్లవాడికి ఇప్పుడు ఒక జబ్బు పేరు, దాంతో పాటు ఒక దారి దొరుకుతున్నాయి. ఈ రకమైన పెరుగుదలను చెడ్డదనలేం.

బోయకొండ, వేలూరు, బెంగళూరు

ఈ ప్రాంతంలో మనసు జబ్బు ఇంతకాలం లెక్కకు ఎందుకు అందలేదో తెలియాలంటే రోగి నడిచే దారిని చూడాలి. గుండె దడ, తల తిరగడం, ఒళ్లంతా మంటలు, ఆకలి లేకపోవడం అనే ఫిర్యాదులతో మొదట చేరేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడ ఒక సూదో, సెలైనో. తగ్గకపోతే పట్నంలో ఫిజీషియన్, ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష, గ్యాస్ మాత్రలు. ఆ తర్వాత "నరాల బలహీనత" అని నరాల డాక్టరు. ఈ మెట్లన్నిటిలో జబ్బు శరీరానిదిగానే నమోదవుతుంది. థైరాయిడ్, బి12 లోపాలు డిప్రెషన్‌లా కనిపించే మాట నిజమే కాబట్టి పరీక్షలు వృథా అనలేం. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాక ఏమవుతుందన్నదే ముఖ్యం. ఒకప్పుడు కథ అక్కడితో ఆగిపోయేది.

దీనికి సమాంతరంగా మరో దారి ఉంది. గాలి సోకిందని, చెడుపు చేశారని అనుమానం వస్తే తాయెత్తు, మంత్రం, మొక్కు. చౌడేపల్లె దగ్గరి బోయకొండ గంగమ్మ తీర్థం చల్లితే కీడు పోతుందన్న నమ్మకం ఈ ప్రాంతమంతా ఉంది. అరగొండ దగ్గరి అర్ధగిరి తీర్థానికి జబ్బులు పోతాయని పేరు. ఇలాంటి చోట్లకు వెళ్లడం చాలా కుటుంబాలకు ధైర్యాన్నిస్తుంది, రోగిని వెలివేయకుండా కాపాడుతుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది. తీవ్రమైన జబ్బులో నెలలు గడిచిపోయినప్పుడు ఒకటి, రోగిని కట్టేసి ఉంచే చోట్లకు తీసుకెళ్లినప్పుడు మరొకటి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయాకే ఆ రెండో చిక్కు దేశం కళ్లకు కనిపించింది.

తీవ్రమైన జబ్బుకు వైద్యం కావాలనుకున్న చిత్తూరు కుటుంబం రాష్ట్రం దాటేది. వేలూరు గంట ప్రయాణం. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ 1957 నుంచి బాగాయంలో మానసిక వైద్య కేంద్రం నడుపుతోంది. రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండాలన్న పద్ధతి దాని ప్రత్యేకత. కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపువారికి బెంగళూరు నిమ్‌హాన్స్ దగ్గర. రాష్ట్రంలోని పాత ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది విశాఖపట్నంలో, రాత్రంతా రైలు ప్రయాణం. వేలూరులో, బెంగళూరులో రాసిన నిర్ధారణ ఈ జిల్లా కాగితాల్లోకి వచ్చే అవకాశం తక్కువ. ఊళ్లో ఎవరికీ తెలియకూడదనే దూరం వెళ్లినవారూ ఉన్నారు. కాబట్టి ఆనాడు జిల్లాలో జబ్బు తక్కువగా కనిపించిందంటే, కొంత భాగం జిల్లా దాటిపోయిందనే అర్థం చేసుకోవాలి.

ఈ పరిస్థితి మెల్లగా మారింది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. చాలా ఏళ్లు నత్తనడకే. ఆ తర్వాత మెడికల్ కాలేజీలు పెరిగాయి. 2014కు ముందు దేశంలో 387 ఉంటే 2024-25కు 780. ప్రతి కాలేజీకి సైకియాట్రీ విభాగం, ఓపీ ఉంటాయి. చీటీ రాసే డాక్టరు అందుబాటులోకి రాగానే చీటీలు పెరుగుతాయి.

మందుల పాత్రను కూడా మరచిపోకూడదు. పాత డిప్రెషన్ మందుల్లో కొన్ని గుండెకు ప్రమాదకరం, జనరల్ డాక్టర్లు వాటిని రాయడానికి జంకేవారు. అమెరికాలో 1987లో అనుమతి పొందిన ఫ్లుయాక్సెటిన్, దాని తరహా మందులు వాటికంటే సురక్షితమైనవి. మన దేశంలో 2005 వరకు మందుల తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేకపోవడంతో ఇవి చవగ్గా దొరికాయి. తేలిగ్గా ఇవ్వగల మందు చేతిలో ఉన్నప్పుడు జబ్బును వెతికే అలవాటు కూడా పెరుగుతుంది. ఇది మనసు జబ్బులకే ప్రత్యేకం కాదు, కొలెస్ట్రాల్ విషయంలోనూ జరిగింది.

మార్కుల పట్టిక ఎక్కడ తప్పుతుంది

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఇప్పుడు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, ఫోను యాప్‌లలో అన్నిచోట్లా కనిపిస్తోంది. మొత్తం 27 మార్కులు. 10, అంతకంటే ఎక్కువ వస్తే డిప్రెషన్ అనుమానించాలి. ఈ పట్టిక మంచిదే. చేతికి అందిన మార్కునే నిర్ధారణ అనుకుంటేనే తప్పు జరుగుతుంది. ఎలాగో లెక్క వేసి చూడవచ్చు.

ఒక కాలేజీలో 1,000 మంది ఉన్నారని, వారిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవారు 50 మంది అని అనుకుందాం. జబ్బు ఉన్నవారిలో 88 శాతం మందిని, లేనివారిలో 85 శాతం మందిని పట్టిక సరిగ్గా చెబుతుంది అనుకుంటే, 50 మందిలో 44 మంది దొరుకుతారు. మిగిలిన 950 మందిలో 15 శాతం, అంటే సుమారు 142 మందికి కూడా "అనుమానం" అని వస్తుంది. మొత్తం 186 మంది. వారిలో అసలు జబ్బు ఉన్నవారు నలుగురిలో ఒకరే. తర్వాత డాక్టరు కూర్చుని మాట్లాడితే మిగతావారికి జబ్బు లేదని తేలుతుంది. ఆ రెండో మెట్టు లేకుండా సర్వే పెట్టి "మా కాలేజీలో 18.6 శాతం మందికి డిప్రెషన్" అని ప్రకటిస్తే, అది నిజానికి దాదాపు నాలుగు రెట్లు. పరీక్షల ముందు వారంలో పంచితే ఇంకా పెరుగుతుంది. ఆ వారంలో నిద్రపట్టని, ఆకలి వేయని పిల్లలు ఎంతమంది ఉంటారో హాస్టల్ వార్డెన్‌ను అడిగినా చెబుతారు.

నిర్ధారణ పత్రానికి వచ్చిన విలువ

1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) కొత్తగా చేరాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, ఉద్యోగాల్లో రిజర్వేషన్, పింఛను లాంటివి అందుతాయి. మన రాష్ట్రంలో ఆ కాగితం సదరం క్యాంపు నుంచి రావాలి. 2024 జులై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది. స్కిజోఫ్రేనియాతో, అంటే భ్రమలు కలిగించే తీవ్రమైన మానసిక జబ్బుతో, 20 ఏళ్లుగా ఇంటి మూల ఉండిపోయిన కొడుకును, ఇప్పుడు ఒక తల్లి ఆటో ఎక్కించి సదరం క్యాంపుకు తీసుకొస్తే లెక్కలో ఒక కొత్త కేసు చేరుతుంది. జబ్బు మాత్రం పాతదే. దీన్ని పింఛను ఆశగా తీసిపారేసేవారికి ఆ 20 ఏళ్లు ఆ ఇల్లు ఎలా గడిచిందో తెలియదు.

2018లో అమల్లోకి వచ్చిన ఆ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో రెండు మార్పులు తెచ్చింది. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తించాలంది. క్లెయిమ్ కావాలంటే జబ్బు పేరు కాగితం మీద ఉండాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలంది. 2024 జులైలో వచ్చిన కొత్త నేర చట్టంలో ఆ ప్రయత్నాన్ని సాధారణ నేరంగా చూసే పాత సెక్షనే లేదు. అంతకుముందు కేసు భయంతో కుటుంబాలు అసలు సంగతి దాచేవి. "కడుపునొప్పి తాళలేక" అనే మాట పోలీసు కాగితాల్లో, జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు వచ్చిందో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట వెనక ఉన్న డిప్రెషన్ ఏ లెక్కలోనూ చేరలేదు.

నిజంగా పెరిగిన భాగం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి అంతా కాగితాల పెరుగుదలే అనుకుంటే పొరపాటు. అలా కాదని చెప్పే మంచి ఆధారం ఇంగ్లండ్ నుంచి ఉంది. అక్కడ డాక్టర్ల నిర్ధారణలతో సంబంధం లేకుండా, 1993 నుంచి ఒకే రకం ప్రశ్నలతో ఇంటింటా సర్వే చేస్తున్నారు. 16 నుంచి 64 ఏళ్లవారిలో డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి సాధారణ మానసిక సమస్యలు 1993లో 15.5 శాతం, 2007లో 17.6, 2014లో 18.9, 2023-24లో 22.6 శాతం. 16-24 ఏళ్లవారిలో చివరి పదేళ్ల పెరుగుదల ఇంకా ఎక్కువ. కోవిడ్ తొలి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా డిప్రెషన్, యాంగ్జైటీ సుమారు 25 శాతం పెరిగినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంచనా వేసింది.

మన దేశంలో అలాంటి వరుస సర్వే లేదు. నిర్ధారణతో సంబంధం లేని ఒక కొలత మాత్రం ఉంది, అది విషాదకరమైనది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఆత్మహత్యలు 2017లో 1,29,887 ఉంటే 2022లో 1,70,924. నమోదు మెరుగుపడటం ఇందులో కొంత ఉండవచ్చు. అయినా ఇంత తేడాను నమోదు ఖాతాలోనే వేయడం కష్టం.

ఈ ప్రాంతంలో ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. తిరుపతి చదువుల ఊరు. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, లెక్కలేనన్ని ఇంటర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు. పదహారేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్లో చేరి, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలుపెట్టి వారం వారం ర్యాంకుల్లో పేరు వెతుక్కునే జీవితం వేలమందిది. చాలినంత నిద్ర లేకపోవడం ఒక్కటే కుంగుబాటు ప్రమాదాన్ని పెంచుతుంది. పల్లెల్లో టమాటా, మామిడి ధర ఒక ఏడాది ఉన్నట్టు మరో ఏడాది ఉండదు. పిల్లలు బెంగళూరు, చెన్నై వెళ్లిపోయి వృద్ధులు ఒంటరిగా మిగిలిన ఇళ్లు పెరుగుతున్నాయి.

వయసు లెక్క కూడా ఇందులో ఉంది. రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2019-21 నాటికి 1.7కు తగ్గింది, వృద్ధుల వాటా పెరుగుతోంది. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని ఒక జాతీయ అధ్యయనం తేల్చింది. "ముసలితనం, చాదస్తం" అని సరిపెట్టుకున్నది ఇకపై ఆసుపత్రి చీటీలో పేరుతో కనిపిస్తుంది. ఇక్కడ జబ్బు, గుర్తింపు రెండూ కలిసి పెరుగుతున్నాయి.

ఎక్కువ మాట్లాడటం వల్ల ఎక్కువవుతుందా

ఇద్దరు పరిశోధకులు 2023లో ఒక వాదన ముందుకు తెచ్చారు. మానసిక ఆరోగ్యం గురించి విపరీతంగా ప్రచారం జరిగినప్పుడు, కొందరు మామూలు దిగులును కూడా జబ్బుగా చూడటం మొదలుపెడతారు. అలా చూసుకున్నాక మనుషులకు దూరంగా ఉంటారు, కాలేజీ మానేస్తారు, దాంతో నిజంగానే కుంగిపోతారు. ఇది ఇంకా నిరూపణ కాని వాదన. అయినా కొట్టిపారేయలేం. బ్రిటన్‌లో 85 బడుల్లో, 8,000 మందికి పైగా పిల్లలతో చేసిన పెద్ద ప్రయోగంలో, క్లాసు మొత్తానికి మనసు నిలిపే శిక్షణ ఇవ్వడం వల్ల మామూలు పాఠాల కంటే అదనపు ప్రయోజనం కనిపించలేదు.

ఈ వాదనను తిరుపతికి తెచ్చేటప్పుడు జాగ్రత్త కావాలి. ఇన్‌స్టాలో రీల్స్ చూసి "నాకు ఏడీహెచ్‌డీ" అనుకునే బీటెక్ విద్యార్థికి ఇది కొంత వర్తించవచ్చు. ఏర్పేడు పక్క పల్లెలో ప్రసవం తర్వాత నెలల తరబడి ఏడుస్తూ, బిడ్డను ఎత్తుకోలేకపోతున్న అమ్మాయికి అసలు వర్తించదు. ఆమెకు ఈ జబ్బుకు ఒక పేరుందని చెప్పినవారే ఉండరు. పడమటి దేశాల్లో "అతి నిర్ధారణ" మీద నడుస్తున్న చర్చను యథాతథంగా ఇక్కడికి తెస్తే నష్టపోయేది ఆమే. "ఇదంతా ఫ్యాషన్" అన్న మాట అత్తింటివారి నోట వినిపించినప్పుడు ఆమె డాక్టరు దాకా రావడం ఇంకో ఏడాది ఆలస్యమవుతుంది.

మద్యం తాగే అలవాటు సంగతీ అంతే. నిమ్‌హాన్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యం సమస్య ఉన్నవారిలో 86 శాతం మందికి వైద్యం అందడం లేదు. మగవారి కుంగుబాటు చాలాసార్లు తాగుడు రూపంలోనే బయటికి కనిపిస్తుంది, తాగుడును మాత్రం ఎవరూ జబ్బుగా రాయించుకోరు. నిర్ధారణలు పెరిగాయంటున్న ఈ కాలంలో కూడా వీరు లెక్క బయటే ఉన్నారు.

ముందు ఏం జరగవచ్చు

నిర్ధారణలు ఇంకా పెరుగుతాయి. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో తీర్పునిస్తూ, 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అవి సక్రమంగా అమలైతే తిరుపతి కాలేజీల నుంచి డాక్టర్ల దగ్గరికి పంపే పిల్లల సంఖ్య పెరగక తప్పదు. అలా పెరిగినప్పుడు "మా కాలేజీ పేరు పోతుంది" అని యాజమాన్యాలు కౌన్సెలర్ నోరు కట్టేయకుండా చూడటం అవసరం. ఆ మార్గదర్శకాలు నిలబడేదీ, కూలేదీ అక్కడే.

అసలు ఇబ్బంది డాక్టర్ల సంఖ్యలో ఉంది. దేశంలో లక్ష మందికి 0.75 మంది సైకియాట్రిస్టులున్నారని 2023-24 ఆర్థిక సర్వే చెప్పింది. కావాల్సింది ముగ్గురు. రోగులు రెట్టింపై డాక్టర్లు అంతే ఉంటే ఒక్కో రోగికి దక్కే సమయం సగమవుతుంది. సమయం తగ్గినప్పుడు దుఃఖాన్ని డిప్రెషన్ నుంచి, పరీక్షల టెన్షన్‌ను యాంగ్జైటీ జబ్బు నుంచి విడదీసే ప్రశ్నలే మొదట ఎగిరిపోతాయి. మాట్లాడి నయం చేసే చికిత్స వెనక్కి పోయి మాత్రలే మిగులుతాయి. తప్పుడు నిర్ధారణలు పెరిగే ప్రమాదం జనం ఎక్కువగా మాట్లాడటం కంటే ఈ తీరిక లేకపోవడం నుంచే ఎక్కువ.

దీనికి కొంత ఊరట 2022 అక్టోబరు 10న మొదలైన ఫోను సహాయ సేవ టెలి మానస్. 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వేలూరు దాకా వెళ్లే స్తోమత, ఊళ్లో ఎవరైనా చూస్తారన్న భయం దాటే ధైర్యం లేనివారికి మొదటి మెట్టుగా ఇది పనికొస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారు, వారి ఇంటివారు వెంటనే చేయాల్సింది కూడా ఈ నంబరుకే. ప్రాణాపాయం అనిపిస్తే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

జిల్లా ఆసుపత్రి ఏటా ఎంతమందికి కొత్తగా చీటీ రాసిందన్న అంకె మాత్రమే ప్రకటిస్తే అందులోంచి తెలిసేది తక్కువ. ఆ చీటీ తీసుకున్నవారిలో ఆరు నెలల తర్వాత ఎంతమంది మళ్లీ వచ్చారు, ఎంతమంది మందు మధ్యలో ఆపేశారు, ఎంతమంది పనికి, చదువుకు తిరిగి వెళ్లారు, ఎంతమందికి ఆ జబ్బు పేరు తప్పని తర్వాత తేలి కొట్టేశారు అన్న నాలుగు లెక్కలు దాని పక్కన చేరాలి. మండలాల వారీగా వేస్తే తిరుపతి పట్టణంలో ఎంత పెరిగిందో, పల్లె మండలాల్లో ఎంతమంది ఇంకా ఆర్‌ఎంపీ సెలైన్ దగ్గరే ఆగిపోయారో కూడా తెలుస్తుంది.